ఎనిమిదో తరగతిలోనూ వత్తుల దగ్గర ఆగిపోతున్నారు: సైన్స్ పీరియడ్‌లో ఏం చేయొచ్చు?

ప్రశ్న: జీవశాస్త్రం టీచర్, రాజోలు వైపు

నమస్కారమండి. హైస్కూల్లో ఎనిమిదో తరగతికి జీవశాస్త్రం చెప్తున్నాను. తరగతిలో 38 మంది. పాలు తోడుకుని పెరుగెలా అవుతాయి, ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి ఎందుకు పొంగుతుంది అని నోటితో అడిగితే గబగబా చెప్తారు. అదే పాఠం పుస్తకంలో చదవమంటే 11 మంది ముందుకు కదలడం లేదు. అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు. 'బాక్టీరియా'ను 'బాకీటరియా' అంటారు, 'ఆక్సిజన్'ను 'ఆకిసజన్' అంటారు. 'సూక్ష్మజీవులు' దగ్గరైతే ఏమీ అనకుండా నా ముఖం చూస్తారు. బోర్డు మీద రాసి పదేసి సార్లు రాయించినా మర్నాటికి మళ్లీ మొదటికే. సిలబస్ వదిలేసి మళ్లీ అ ఆల నుంచి మొదలుపెట్టే వీలు లేదు. రోజుకి ఓ పావుగంట మాత్రం ఇవ్వగలను. ఎక్కడ పట్టుకోవాలి?

జవాబు: తెలుగు మాస్టారు, పాలకొల్లు

మేడం, మీరు రాసిన తప్పుల్లోనే జవాబుంది. 'బాకీటరియా' అన్న పిల్లాడు ఒక్క అక్షరం కూడా వదల్లేదు, కొత్తది కలపలేదు. కంటికి కనిపించిన వరసలోనే చదివాడు. క్టీ రాసినప్పుడు గుడిదీర్ఘం క మీద ఉంటుంది, ట వత్తు కింద ఉంటుంది. పలికేటప్పుడు మాత్రం ఈ అనే ధ్వని ట తర్వాత రావాలి. రాతలో క నెత్తిన కూర్చున్న గుర్తు, నిజానికి కింద ఉన్న వత్తుది. ఈ సంగతి పిల్లలకి విడిగా చెప్పేవాళ్లు తక్కువ. చాలామంది వినికిడి మీద వాళ్లంతట వాళ్లే పట్టేసుకుంటారు, కొందరు పట్టుకోలేరు. మీ 11 మందీ ఆ కొందరే. ఇది శ్రద్ధ లేకపోవడం కాదు.

ద్విత్వంలో ఈ ఇబ్బంది బయటపడదు. అమ్మ, కొబ్బరి, తాడేపల్లిగూడెం చదివేస్తారు. పైనా కిందా ఒకటే అక్షరం, పైగా నోటికి తెలిసిన మాట. అందుకే ఐదో తరగతి దాకా బాగానే చదువుతున్నట్టు కనిపిస్తారు. సంయుక్తాక్షరం వచ్చేసరికి దొరికిపోతారు.

చదివే దారి మూడు అడుగులు: పైన, కింద, మళ్లీ పైన. 'ముక్తేశ్వరం' తీసుకోండి. క మీది ఏత్వాన్ని వేలితో మూయించండి. 'ముక్' అని పొల్లుగా ఆపాలి. వేలు కిందికి జరిపి వత్తును 'త' అని చదవాలి. ఇప్పుడు వేలు తీసి పైన ఉన్న ఏత్వాన్ని ఆ త కి ఇచ్చి 'తే' అనాలి. ముక్, తే. తర్వాత శ్, వ, రం. పక్కనే బోర్డు మీద క్ + త్ + ఏ = క్తే అని విడదీసి రాయండి. వేలు తప్పనిసరి. కళ్లతోనే చూడమంటే మళ్లీ పాత వరసలోకే పోతారు.

మొదటి వారం వత్తు రూపాలు చూసుకోండి. చాలా వత్తులు అసలు అక్షరాన్ని పోలే ఉంటాయి, తలకట్టు పోతుందంతే. త, న, మ, య, ర, ల ఈ ఆరింటి వత్తులకే పోలిక ఉండదు. రోజుకి రెండు చొప్పున మూడు రోజులు వీటికే ఇవ్వండి. రెండో వారం సంయుక్తాక్షరం మీద తలకట్టు మాత్రమే ఉన్న మాటలు: పుస్తకం, పద్యం, చక్రం. మూడో వారం దాని మీద గుణింతపు గుర్తు ఉన్నవి. అక్కడ పిల్లలు ఇంట్లో వినే మాటలతో మొదలుపెట్టండి: సార్వా, దాళ్వా (ఇక్కడి రెండు పంటకాలాలు), అంతర్వేది, ఆత్రేయపురం. 'సారావ' అని చదవగానే ఆ మాట లేదని వాడి చెవికే తెలుస్తుంది, వెంటనే దిద్దుకుంటాడు. 'శిలీంధ్రాలు'కి ఆ సాయం ఉండదు, అందుకే పాఠంలోని మాటలు చివర్లో. బస్సు బోర్డుల మీది ఊళ్ల పేర్లు ఈ పనికి బాగా వస్తాయి.

రోజుకి 8 మాటలు చాలు, అందులో 5 పాతవి.

పదిసార్లు రాయించడం దయచేసి ఆపేయండి. చూసి రాసేటప్పుడు పిల్లాడు బొమ్మ గీస్తాడు, చదవడు. దానికి బదులు మీరు మాట చెప్పండి, వాడు రాయాలి, రాసింది విడదీసి చెప్పాలి. అందరిచేతా కోరస్‌గా చదివించడం కూడా ఈ 11 మందికి పనికిరాదు, రానివాడి గొంతు అందులో కలిసిపోతుంది.

'సూక్ష్మ'కి ఇంకో చిక్కుంది. క్ష ను వర్ణమాల చివర ఒక అక్షరంలా నేర్పుతాం, కాబట్టి అందులో క, ష ఉన్నాయని పిల్లలకి తెలియదు. దాని కింద మ వత్తు చూసి బెదిరిపోతారు. క్ + ష్ + మ అని ఒక్కసారి విప్పి చూపించండి. అది వచ్చాక రాష్ట్రం, స్త్రీ కూడా అదే లెక్క.

జవాబు: ఎలిమెంటరీ టీచర్, ముమ్మిడివరం

మాస్టారు చెప్పింది నిజమేనండి. అయితే 11 మందిదీ ఒకటే ఇబ్బంది అనుకోకండి. ముందు ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి 20 మాటలు చదివించండి: వత్తు లేనివి 5, గుణింతాలు బాగా ఉన్నవి 5, ద్విత్వాలు 5, సంయుక్తాలు 5. మనిషికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. తప్పు చదివితే దిద్దకండి, వాళ్లు ఏమన్నారో అలాగే రాసుకోండి. 'గోదావరి'లోనే తడబడేవాళ్లుంటే వాళ్లకి వత్తులు కాదు, ముందు గుణింతం కావాలి. లంక గ్రామాల పిల్లలకి వరద రోజుల్లో బడి పోతుంది. చిన్న తరగతుల్లో ఆ వారాల్లోనే వత్తులు చెప్పేసి ఉంటే ఆ ఖాళీ అలాగే మిగిలిపోతుంది.

పుస్తకం దగ్గర పెట్టుకుని సరిగ్గా చదివి, బోర్డు మీదిది తప్పు చదివితే కళ్లు చూపించాలి. వత్తు చిన్న గీత, దూరానికి ముందు మసకబారేది అదే. ఏ మెట్టులోనూ నెల రోజులకీ కదలిక లేకపోతే మండలంలోని భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపేది) టీచర్లకి చూపించండి. మనంతట మనం పిల్లాడి ఇబ్బందికి ఫలానా లోపమని పేరు పెట్టొద్దు.

బోర్డు మీద వత్తును అసలు అక్షరమంత సైజులో, వేరే రంగు సుద్దతో రాయండి. నోట్సు వరస విడిచి వరస రాయించండి. లేకపోతే పై వరస వత్తు, కింది వరస గుడి ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి. ర వత్తు అక్షరానికి ఎడమ నుంచి చుట్టుకుని వస్తుంది, వట్రుసుడి కుడివైపు దిగుతుంది. ఈ రెండూ కలిపేసేవాళ్లు చాలామంది. క్రమం, కృషి పక్కపక్కనే రాసి తేడా చూపించండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండి. 20 మాటల పరీక్ష రేపే పెడతాను. ఒక్క సందేహం: 'కార్బన్ డై ఆక్సైడ్'లో 'క్సై' ఎలా విప్పాలి? కింద రెండు గుర్తులున్నాయి. పిల్లలు రెండూ వత్తులే అంటున్నారు.

జవాబు: తెలుగు మాస్టారు, పాలకొల్లు

ఐత్వం రెండు ముక్కలు మేడం, సగం పైన, సగం కింద. ఆ కింది సగాన్నే వత్తు అనుకుంటున్నారు. ముందు వత్తు లేని మాటల్లో చూపించండి: వైరస్, శైవలాలు. కింది ముక్కను రంగు సుద్దతో దిద్ది, పై ముక్కతో గీత కలిపి 'ఈ రెండూ ఒకటే' అని చెప్పండి. తర్వాత అదే మాటలోని 'డై' చూపించి, ఆ గుర్తును 'ఆక్సైడ్'లో వెతకమనండి. అది దొరికాక కింద మిగిలేది స వత్తు ఒక్కటే. క్ + స్ + ఐ. దీన్ని నాలుగో వారానికి ఉంచండి. ఈలోగా పరీక్షలో 'ఆకిసజన్' అని రాసినా, విషయం సరిగ్గా ఉంటే మార్కు ఇవ్వండి.