అప్‌డేట్: నెల సరుకులు మార్చిన తరువాత

నాన్నగారికి మధుమేహం బయటపడినందున నెల సరుకుల్లో ఏవి మార్చాలని ఇదివరకు అడిగాను. చాలామంది కొర్రలు, దంపుడు బియ్యం, ఓట్స్ సూచించారు. కొర్రలను రాత్రే నానబెట్టి వండితే అన్నం మెత్తగా వస్తోంది, పప్పుచారు కలిపితే నాన్నగారు వంక పెట్టకుండా తింటున్నారు, అయితే చిరుధాన్యంలోనూ ఉండేది పిండిపదార్థమే కనుక కొలత మాత్రం తగ్గించే వడ్డిస్తున్నాము. దంపుడు బియ్యంలో తవుడు పొర నూనె వల్ల త్వరగా ముక్కవాసన వస్తుంది కాబట్టి, బస్తా కాకుండా నెలకు సరిపడా మాత్రమే తెస్తున్నాము. కందిపప్పు పాలిష్ చేయనిదే కొని, గుప్పెడు గుప్పెడుగా కాస్త ఆముదం పట్టించి, ఎండలో ఆరబెట్టి డబ్బాకెత్తాము. ఇంతవరకు పురుగు జాడ లేదు. వండేముందు వేడినీళ్లతో కడిగితే ఆముదం జిడ్డు పోతుంది. ఓట్స్ సలహాను మాత్రం పక్కన పెట్టాము, ఆ డబ్బుకు పెసలు, అలసందలు ఎక్కువే వస్తున్నాయి.