డెల్ఫ్ బీ1 స్పీకింగ్: మూడు నిమిషాలకే మాటలు అయిపోతున్నాయి

వచ్చే నెలలో ఫ్రెంచ్ డెల్ఫ్ బీ1 (ఫ్రెంచ్ భాషలో మధ్యస్థాయి) పరీక్ష ఉంది. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం, ఒక్కోదానికి 25 మార్కులు. మొత్తం 50 వస్తే పాస్, కానీ ఏ ఒక్కదాంట్లోనూ 5 కంటే తగ్గకూడదు. మొదటి మూడింటితో ఇబ్బంది లేదు. 160 పదాల వ్యాసం 45 నిమిషాల్లో అయిపోతోంది.

చిక్కంతా స్పీకింగ్ మూడో భాగంతోనే. పరిచయం, రోల్‌ప్లేలకు ప్రిపరేషన్ టైమ్ ఉండదు, అయినా అవి ఎలాగో నెట్టుకొస్తాను (విచిత్రమే!). మూడోదానికి 10 నిమిషాలిచ్చినా, చిన్న వ్యాసం చదివి మన అభిప్రాయం చెప్పేటప్పుడు తడబడుతున్నాను. పరిచయ వాక్యాలు పూర్తిగా రాసుకుంటే అక్కడికే టైమ్ అయిపోతోంది. పాయింట్లు మాత్రమే రాసుకుంటే మూడు నిమిషాలకే ఆగిపోతున్నాను. ఈ భాగం మొత్తం ఐదు నుంచి ఏడు నిమిషాలు ఉండాలి. ఫోన్‌లో ఆరుసార్లు రికార్డు చేసుకుని విన్నాను: "పార్స్ క్యూ" (ఎందుకంటే), "మే" (కానీ) తప్ప వాక్యాలను కలిపే మాటే రావడం లేదు. పదాల జాబితా బట్టీ పట్టినా టెన్షన్‌లో గుర్తుకు రావట్లేదు.

బీ1 పాసైనవాళ్లు చెప్పండి, ఆ 10 నిమిషాల్లో కాగితం మీద సరిగ్గా ఏమేం రాసుకున్నారు?