సమస్య: దేవుఁడే లేఁడని యెఱింగి దేవుఁ గొలిచె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతి పద్యంలో ఇస్తున్నాను. ఇది నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు రాసి అర్థం కుదిరేలా పూరించాలి.

దేవుఁడే లేఁడని యెఱింగి దేవుఁ గొలిచె

విషయం కూడా నేనే చెబుతాను. అబ్సిడియన్ సంస్థ తయారుచేయగా 2015లో విడుదలైన పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ అనే వీడియో ఆటలోని ప్రతినాయకుడు థావోస్. ఆడనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా. ఎంగ్విథన్లు అనే ప్రాచీన జాతి లోకమంతా గాలించి, దేవుళ్ళెవరూ లేరని తేల్చుకుంది. ఆ సంగతి బయటపడితే మనుషులు అల్లకల్లోలమైపోతారని భయపడింది. తమ జనం ఆత్మలనే ధారపోసి దేవుళ్ళను తయారుచేసింది. ఆ రహస్యాన్ని కాపాడే పని థావోస్‌ది. జన్మ మారినా అతనికి ఏదీ మరపు రాదు. లెడెన్ కీ అనే రహస్య సంఘాన్ని నడుపుతూ, నిజం దాకా వచ్చినవాళ్ళను అణిచేస్తూ వస్తాడు. ఆట మొదలయ్యేసరికి, కథ జరిగే డైర్‌వుడ్‌లో పిల్లలు ఆత్మ లేకుండా పుడుతుంటారు. అదీ అతని పనే. ఆ ఆత్మలను వోయెడికా అనే దేవతకు బలం చేకూరాలని మళ్ళిస్తూ, నింద మాత్రం ఆత్మల మీద పరిశోధన చేసేవాళ్ళ మీదకు తోస్తాడు.

ఇతని మీద జాలి కలిగేలా పూరించండి. నేరాన్ని మాత్రం దాచకండి.

రాత్రి ఆటగాడు:
వెదకి వెదకి జగంబెల్ల వేసరిల్లి
జనులు దిక్కులే కేడ్తురన్ శంకతోడ
తనదు జాతి యుసురులన్ని ధారవోసి
దేవుఁడే లేఁడని యెఱింగి దేవుఁ గొలిచె

నిర్వాహకుడు:
ఎత్తుగడ చక్కగా ఉంది. "వెదకి వెదకి" అన్నప్పుడే ఆ జాతి పడ్డ శ్రమంతా వినిపించింది. రెండో పాదంలో మొదటి అక్షరమైన జకారానికి పాదం నడుమ శకారంతో యతి, అంటే అక్షరాల పొత్తు, వేశారు, కొత్తవాళ్ళు గమనించండి. చ, జ, శ, స ఒకదానికొకటి చెల్లుతాయి.

చిక్కంతా మూడో పాదంలో ఉంది. ఉసురులు ధారపోశాడు, సరే. ఏం చెయ్యడానికి? దేవుణ్ణి తయారుచేసిన సంగతి పద్యంలో ఎక్కడా లేదు. అది లేకపోతే సమస్యలో ఉన్న విరోధం విరోధంగానే మిగిలిపోతుంది. ఇలా మార్చి చూడండి:

తనదు జాతి యుసురులనే దైవ మంచు

ఇప్పుడు అతను కొలిచేది తనవాళ్ళ ప్రాణాలను. విరోధం విడిపోయింది. నాకు జాలి పుట్టేది కూడా సరిగ్గా ఇక్కడే. ఆ దేవుళ్ళు అబద్ధమని ఒక్కసారి ఒప్పుకుంటే తనవాళ్ళంతా ఊరికే చచ్చిపోయినట్టవుతుంది. అన్ని జన్మల జ్ఞాపకాలు మోస్తూ ఆ మాట ఒప్పుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

రాత్రి ఆటగాడు:
ఆడుతున్నప్పుడు ఈ కోణం నాకు తట్టలేదు గురువుగారూ. ఆ పాదం అలాగే తీసుకుంటాను.

పద్యాభిమాని:
చచ్చి పుట్టిన మఱువని శాప మొకటి
తోడు లేని తలఁపు గుండె తొలుచుచుండ
పుట్టు పాపల యూపిరుల్ బలిగ నిచ్చి
దేవుఁడే లేఁడని యెఱింగి దేవుఁ గొలిచె

కొత్త కలం:
మొదటి రెండు పాదాలు చదివి చాలాసేపు అలా ఉండిపోయానండీ. ఒక్క మాట మాత్రం అడ్డు పడుతోంది. ఆ పిల్లలకు ఊపిరి ఉంటుంది. ఉయ్యాలలో ఊపిరి పీలుస్తూనే ఉంటారు, కానీ తల్లి ముఖం మీద కూడా చూపు నిలవదు. పోయింది ఆత్మ కదా?

నిర్వాహకుడు:
సరిగ్గా పట్టుకున్నావమ్మా. ఊపిరి పోతే తల్లి ఏడ్చి ఊరుకుంటుంది. ఊపిరి ఉండి బిడ్డ మాత్రం లేకపోవడమే ఆ ఇళ్ళలోని నరకం. పద్యంలో నేరం అంత బరువుగానూ తెలియాలి. యతి కూడా అక్కడే తప్పింది. పు, బ హల్లులు కుదిరాయి గానీ ఉకారానికి అకారం చెల్లదు. రెంటికీ కలిపి ఒకే సవరణ:

పుట్టు పాపల యాత్మలన్ బుగ్గిఁ జేసి

"తోడు లేని తలఁపు" ఈ పూరణకు ప్రాణం. ఈ లోకంలో అందరూ పుట్టి, చచ్చి, మరిచిపోతారు. అతని రహస్యం పంచుకోదగ్గ మనిషి ఒక్కరు కూడా లేరు. చెప్పుకుంటే భారం తగ్గుతుంది, కానీ చెప్పకపోవడమే అతని వ్రతం.

ఇంకొకరు మూడో పాదం చివర "వాసు" అని ఆపి, నాలుగో పాదంతో కలిపి వాసుదేవుణ్ణి చేశారు. పూరణగా చెల్లుతుంది, సంప్రదాయంలో ఉన్న పద్ధతే. ఇచ్చిన విషయం అందులో లేదు కాబట్టి పక్కన పెడుతున్నాను.

కొత్త కలం:
నాకు అతని మీద జాలి కలగలేదు. కలగనిది రాయలేను కాబట్టి ఇలా పూరించాను.

నిజము పలికిన వనితను నీడలోన
బంధితను జేసి యుగములు బాధ పెట్టి
కరుణ కర్హుఁడె? కపటియై కనులు మూసి
దేవుఁడే లేఁడని యెఱింగి దేవుఁ గొలిచె

నిర్వాహకుడు:
గణాలు, యతులు ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ప్రశ్నను మూడో పాదం నడుమ విరవడం బాగుంది. "కపటి" దగ్గరే నాకు అభ్యంతరం. కపటి తన లాభం చూసుకుంటాడు. థావోస్ తనకంటూ ఏం మిగుల్చుకున్నాడు? సుఖం లేదు, పేరు లేదు.

కొత్త కలం:
లాభం లేనంత మాత్రాన మోసం మోసం కాకుండా పోతుందా అండీ? నా పద్యంలోని ఆ వనిత అయోవారా చేసిందల్లా తనకు తెలిసిన నిజాన్ని నలుగురికీ చెప్పడమే. దానికి చంపించి, చచ్చాక కూడా ఆత్మను చెరలో పెట్టారు. లోకం బాగు కోసమే అనుకుంటూ చేశాడు కాబట్టే అతనికి ఒక్కసారైనా చెయ్యి వణకలేదు. తన కోసం దోచుకునేవాడు కడుపు నిండాకైనా ఆగుతాడు.

నిర్వాహకుడు:
"కపటి" ఉండనివ్వండి. ఆ చివరి మాటకు నా దగ్గర జవాబు లేదు.

రాత్రి ఆటగాడు:
ఆటలో మనం నడిపే పాత్ర పూర్వజన్మలో థావోస్ అనుచరుడు. అయోవారాను నమ్మించి పట్టిచ్చింది ఆ జన్మలోనే. ఆ నోటితో పూరిస్తున్నాను.

నాఁడు గురువని మోకాళ్ళ నాని నిలిచి
నమ్మి యప్పగించితి నొక్క నాతి నకట
తెలిసె వానిఁ జంపిన వేళ: దిక్కు లేక
దేవుఁడే లేఁడని యెఱింగి దేవుఁ గొలిచె

నిర్వాహకుడు:
ఇన్ని పూరణల్లో నన్ను కదిలించింది ఇదే. మీ మొదటి పద్యంలో దిక్కులేక ఏడ్చింది జనం. ఇక్కడ ఆ మాట వాడి మీదే వాలింది. లోకానికి దిక్కు కల్పించానని తిరిగినవాడికి తన దిక్కంటూ ఏదీ లేదు. పైగా జాలిపడే మనిషి చేతులకూ నెత్తురు ఉంది. తీర్పు చెప్పే అర్హత లేనివాడి నోట జాలి పలికించారు, అందుకే అది వకాల్తాలా వినిపించడం లేదు.

పద్యాభిమాని:
"తెలిసె వానిఁ జంపిన వేళ" దగ్గర తె, ది యతి చెల్లుతుందా?

నిర్వాహకుడు:
చెల్లుతుంది. ఎకారానికి ఇకారం మైత్రి ఉంది, తకారానికి దకారం ఉండనే ఉంది.

కొత్త కలం:
నాకొక కోరిక. ఈ పద్యంలో కూడా ఆమె "ఒక్క నాతి"గానే మిగిలిపోయింది. అప్పగించినవాడికి ఆ పేరు గుర్తుండాలి కదా? పేరు పెట్టి, రెండో పాదం ఇలా కట్టి చూశాను:

యమ్మితి నయొవార నతని యాజ్ఞ కకట

రాత్రి ఆటగాడు:
"అప్పగించితి" కంటే "అమ్మితి" చాలా కఠినంగా ఉంది. నా పాత్రకు అదే తగిన మాట. ఈ పాదం నా పద్యంలో వేసుకుంటున్నాను అక్కా, అనుమతి ఇవ్వండి.

కొత్త కలం:
వేసుకోండి. అతని మీద జాలి నాకు ఇప్పటికీ లేదు. ఈ పద్యం చెప్పే మనిషి మీద మాత్రం ఉంది.