ఈ వారం సమస్య: వేళ్లు తెగిన వాడె వీణ మీటె

బురుజు కింద (మోడరేటర్)
నిన్న రాత్రి బెంగుళూరు నుంచి కర్నూలు బస్సులో నిద్ర పట్టక హెవీ మెటల్ బ్యాండు బ్లాక్ సబ్బాత్ వాళ్ల మాస్టర్ ఆఫ్ రియాలిటీ పెట్టుకున్నా. మొదట్లో ఆ దగ్గు వస్తాది కదా, దాని కథ చెప్తా. కాలేజీ రోజుల్లో రాజ్‌విహార్ దగ్గర రికార్డింగ్ షాపులో ఈ ఆల్బమ్ 90 కేసెట్‌కి ఎక్కించుకున్నా, ఇంటికొచ్చి వింటే ఫస్టే ఎవరో దగ్గుతాండారు, షాపాయనే దగ్గినాడని పోయి కొట్లాడినా, ఆయన పాపం "నాకుండేది ఆయాసం అప్పా, దగ్గు కాదు" అన్నాడు. అది సాక్షాత్తూ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ దగ్గని, దాన్నే లూప్ చేసి పెట్టినారని నాకు తెలిసే లోపల ఆ షాపు పోయి సెల్ఫోన్ల అంగడి వచ్చింది.

ఆ దగ్గు వింటా వింటా డోన్ దాటినాక తట్టిన లైను ఇది, దీన్నే చివరి పాదంగా పెట్టి ఆటవెలది చెప్పల్ల:

*వేళ్లు తెగిన వాడె వీణ మీటె*

గిటార్‌ని వీణ అనుకోవచ్చు, అనుకోకుంటే ఇంకా సంతోషం. గెలిచినోళ్లకి ఉగ్గాని బజ్జీ, బిల్లు ఓడినోళ్లది. పోయిన నెల గబ్బిలం గొడవ మాత్రం మళ్లీ ఎత్తొద్దండి, చేతులెత్తి మొక్కుతా.

పెన్నా ఫజ్
ఫస్ట్ నాదే.

*రేకు మిల్లు లోన రెండు వేళ్లను కోసె*
*ఆఖరైన రోజు నంతలోనె*
*సబ్బు బుడ్డి కరగ జత తొడుగులు చేసి*
*వేళ్లు తెగిన వాడె వీణ మీటె*

అయోమీ అప్పుడు 17 ఏళ్ల పిల్లోడు, ఆ రోజుతో మిల్లు పని మానేస్తాండాడు, మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చి ఇంగ పోనంటే వాళ్లమ్మే పొమ్మనింది, అప్పుడు జరిగింది. ప్లాస్టిక్ బుడ్డి కరగబెట్టి టోపీలు చేసుకుని పైన తోలు అతికించుకున్నాడు. అంతా నాలుగు పాదాల్లో పెట్టినా, చూస్కోండి.

కారం దోశ
పెట్టినావు లే అన్నా, కర్తని మాత్రం మిల్లు బయటే నిలబెట్టినావు. "కోసె" ఎవరు? మిల్లా, అయోమీనా, వాళ్లమ్మా? ఇంకోటి, వేళ్లు మొత్తం పోలేదు, నడిమి వేలూ ఉంగరం వేలూ కొసలు పోయినాయి అంతే. నువ్వు అట్లా మొదలంటా నరికేస్తే టోపీ దేనికి తొడగల్ల?

"రెండు కొసలు పోయె" అను. కర్త గోలా పోతాది, వేళ్లూ మిగుల్తాయి.

తొందర్లో రాస్తే ఇట్లనే ఉంటాది. కొందరికి పావురానికీ గబ్బిలానికీ కూడా తేడా తెలీదు కదా.

పెన్నా ఫజ్
అదిగో వచ్చినాడు. మోడరేటర్ గారూ, నేనెత్తలేదు, సాక్ష్యం మీరే.

కొత్తగా చేరినోళ్ల కోసం చెప్తాండా. పోయిన నెల సమస్య "గబ్బిలమ్ము కొరికె గాయకుండు". నేను దాని మీద పాదం "రబ్బరనుచు నమ్మి రాత్రి వేదిక మీద" అని ఎత్తుకున్నా, ఇప్పటికీ నా లైన్లలో అదే టాప్ అని నా ఫీలింగ్. కింద వివరణలో తేదీ 1981 అని పడింది. సబ్బాత్‌లో పాడిన ఆజీ ఆస్బర్న్ పావురం తల కొరికింది 1981లో, రికార్డు కంపెనీ మీటింగులో. గబ్బిలం 1982 జనవరి 20, అమెరికాలో డెమోయిన్‌లో, ఆ తర్వాత ఆజీకి కుక్క కరిచినోళ్లకి వేసే సూదులు కూడా వేసినారు. ఒక్క అంకె. దానికి ఈయన మూడు వారాలు నన్ను పావురాలాయన అని పిలిచినాడు.

కర్త సవరణ మాత్రం బాగుంది, తీసుకుంటాండా. థ్యాంక్స్ చెప్పను.

కారం దోశ
అవసరం లేదు పావురాలన్నా. నాది తీసుకో.

*తీగ వదులు చేసి తీసె చీకటి పాట*
*మెటల్ మోత పుట్టె మిల్లు నుండి*
*వాన చప్పుడందు వచ్చెను గుడి గంట*
*వేళ్లు తెగిన వాడె వీణ మీటె*

పెన్నా ఫజ్
ఆహాహా. "మెటల్". టల్. టల్ ఏమైతాదప్పా? వేమన్న సమాధి ఉండే దిక్కునే పుట్టినోళ్లం, ఆటవెలదిలో మొదటి గణమే కుంటితే కటారుపల్లెలో ఆయన అటు నుంచి ఇటు తిరిగి పడుకుంటాడు.

కారం దోశ
మెటలు అని చదువుకో.

పెన్నా ఫజ్
మెటలు! కిలో ఎంత? పావు కిలో మెటలు, అర్ధ కిలో శనగబ్యాళ్లు.

డబుల్‌బాస్ బాసు
నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నా. "ఇనుప మోత" అంటే సరిపోయేది, యతికి ఏమన్నా వెతుక్కోవల్ల గానీ.

నాపరాయి
టల్ సంగతి మీరు తేల్చుకోండి. నాకు వేరే ఇబ్బంది ఉంది. వాన, గంట సబ్బాత్ మొదటి ఆల్బమ్‌లోవి. 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం వచ్చింది. అప్పటికి అయోమీ తీగలు సన్నవి వేసుకున్నాడు గానీ శృతి దించలే. మూడు మెట్లు కిందికి దించింది మూడో ఆల్బమ్‌కి, 1971లో, ఇందాక మోడరేటర్ దగ్గు కథ చెప్పిన దాంట్లో. కారం దోశ ఒకే పద్యంలో రెండు ఆల్బమ్‌లు కలిపి రుబ్బినాడు.

ఇంకోటి సమస్యలోనే ఉంది. అయోమీది ఎడమ చేతి వాటం. తెగింది కుడి చెయ్యి, అంటే తీగ నొక్కే చెయ్యి. మీటే చెయ్యికి ఏం కాలేదు. "వేళ్లు తెగిన వాడె మీటె" అంటే మీటడమే గొప్ప అనిపిస్తాది. మీటడంలో ఏముంది, కష్టమంతా నొక్కేకాడ ఉంటాది.

కారం దోశ
దోశకి రుబ్బకుండా ఎట్లన్నా. కానీ రెండోది మరీ ఎక్కువ. వీణ నొక్కె అంటామా? నొక్కేది కాలింగ్ బెల్లు.

సంగటి స్లేయర్
మీ అందరికీ అయోమీ తప్ప ఇంకోటి తట్టదా? అందరూ అదే మిల్లు గేటు కాడ క్యూ కట్టినారు. నాది వేరే దావ.

*పెరటి పనస చెట్టు పీకిరి రోడ్డుకై*
*ఎండ లోన మాను నెవడు చూసె*
*వడ్ల తాత తెచ్చి వాకిట చెక్కెను*
*వేళ్లు తెగిన వాడె వీణ మీటె*

చివరి పాదం "తెగిన" కాడ ఆపి చదవండి.

బురుజు కింద (మోడరేటర్)
ఆపి చదివినా. వేళ్లు తెగిన... వాడె! వీణ మీటె! అక్కా, దండం. లైను నేనే రాసినా కదా, దాంట్లో చెట్టు వాడిపోతాదని నాకే తెలీదు. రెండు సార్లు బయటికి చదివితే మా ఇంట్లో వాళ్లు ఎవరు వాడిపోయినారని అడుగుతాండారు.

పెన్నా ఫజ్
విరుపు సూపర్ అక్కా, కాదనను. రెండు డౌట్లు. చెట్టువైతే "వేర్లు" కదా, మా దిక్కు వేర్లే అంటాం. రెండోది, అనంతపురం జిల్లాలో పెరటి పనస చెట్టా? మా పెరట్లో కంపచెట్టు కూడా బోరు నీళ్లడుగుతాది.

సంగటి స్లేయర్
"వేళ్లూనుకున్నాడు" అంటావు కదా తమ్ముడూ, అప్పుడేం ఊనుకుంటాడు, చేతి వేళ్లా? చెట్టు మా అమ్మమ్మోళ్లది, కోడూరు దిక్కు. నీ జిల్లాలో చెట్టు లేకుంటే నా పద్యంలో ఉండకూడదా?

కారం దోశ
అంతా బాగుంది, మెటల్ ఏది దీంట్లో? సారీ, మెటలు ఏది?

సంగటి స్లేయర్
తంతులు ఏం కొబ్బరి పీచుతో చేస్తారా.

డబుల్‌బాస్ బాసు
అక్క వేళ్లని వేర్లు చేసినాక నాకూ ధైర్యం వచ్చింది. నాది మన ఊర్ల మీద. చెట్టు కాదు, మనిషి.

*వాన లేక యూరు వదలి పోయిన బిడ్డ*
*పగలు సున్నమేసి పబ్బులోన*
*రాతిరయ్యెనంటె రంకెలు వేయించె*
*వేళ్లు తెగిన వాడె వీణ మీటె*

మా చిన్నాయన కొడుకే వీడు. శనక్కాయ రెండేళ్లు పోయినాక బెంగుళూరులో పెయింటింగ్ పనికి పోయినాడు, అక్కడ ఎవరో సెకండ్‌హ్యాండ్ గిటార్ ఇచ్చినారు. ఇప్పుడు పండక్కి వస్తే ఓళిగలు తినేసి మళ్లీ వెళ్లిపోతాడు, ఊర్లో నిద్ర పట్టదంట, శబ్దం లేదని.

పెన్నా ఫజ్
మంచి పద్యం బాసూ. కానీ పగలంతా సున్నం మేసినాడా? ఎద్దు కూడా మేయదే.

డబుల్‌బాస్ బాసు
సున్నము ఏసి!! అబ్బా, ఇది నా మెటలు అయిపోతాదేమో ఇంగ.

కారం దోశ
సున్నం మేసినోడు, పావురాలాయన, పనస అక్క. నేనొక్కన్నే మర్యాదస్తుణ్ని ఇక్కడ.

బెంగుళూరు అంటే గుర్తొచ్చింది. పెన్నా అన్న 2007 మార్చి 17న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ బ్యాండు షోకి ముందు వరసలో ఉన్నానని ప్రతి థ్రెడ్డులో చెప్తాడు, పోయిన ఏడు అదే కథ చెప్తా మెగాడెత్ కూడా ఆ రోజే వాయించినారన్నాడు. మెగాడెత్ వచ్చింది 2008లో అన్నా. నువ్వు పోయింది ఏ సంవత్సరం?

పెన్నా ఫజ్
రెండిటికీ పోయినా రా, రెండూ కలిసిపోయినాయి తలకాయలో. రెండు సార్లూ అదే అనంతపురం బస్సు, అదే మెజెస్టిక్, అదే చెమట, ఎట్ల వేరు చేసేది. మెయిడెన్ రాత్రి తిరుగు బస్సు దొరక్క మెజెస్టిక్‌లో పేపర్ పరుచుకుని పడుకున్నాం, పొద్దున లేస్తే నా చొక్కా వెనక పేపర్ సిరా అచ్చు పడింది, కన్నడ సినిమా పోస్టరు, ఇంటికి పోయే దాకా ఎవరూ చెప్పలే. 2011 అక్టోబర్ 30 మెటాలికాకి అయితే ఇంకా టెన్షన్, రెండు రోజుల ముందు ఢిల్లీ దిక్కు షో ఆగిపోయింది కదా, మనది కూడా ఆగుతాదేమో అని హిందూపురం దాకా దేవుళ్లందరికీ మొక్కినా.

బురుజు కింద (మోడరేటర్)
థ్రెడ్ బస్సెక్కి పోతాండాది, దించండి. నాపరాయి అన్నా, మీరు రాయలే ఇంతవరకు. అందరి తప్పులూ పట్టినారు.

కారం దోశ
ఆయన రాయడు, నొక్కుతాడు. అసలు ఏ చెయ్యి మీటితే ఏమన్నా, ఏ చెయ్యి నొక్కితే ఏమి, నీకెందుకంత పట్టింపు?

నాపరాయి
బేతంచెర్ల దిక్కు ఒక బండల ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ మీద పని చేస్తాంటి. ఎడమ చెయ్యి, ఉంగరం వేలు, చిటికెన వేలు, కొసలు పోయినాయి. నాది కుడి వాటం, అంటే పోయింది నొక్కే చెయ్యే. అంతకు ముందు సంవత్సరం నుంచి బాస్ గిటార్ నేర్చుకుంటాంటి. అందుకని ఏ చెయ్యి ఏం చేస్తాదో నాకు బాగా తెలుసు.

అయోమీకి వాళ్ల ఫోర్‌మన్ జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించినాడు, రెండు వేళ్లతో ఎట్లా వాయించినాడో చూడమని. మా మేస్త్రీ అరటిపండ్లు తెచ్చినాడు. ఆయన తప్పేం లేదు, ఆయనకి జాంగో ఎవరో తెలీదు. నాకూ తెలీదు అప్పుడు. అయోమీ సంగతి తర్వాత ఒక కేసెట్ అట్ట వెనక చదివినా. బుడ్డి కరగబెట్టి చూసినా, వేలు కాలింది. తోలు, నూలు దారం పనికొచ్చినాయి. 2025 జులై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్క్ స్టేడియంలో సబ్బాత్ నలుగురూ మళ్లీ నిలబడినారు కదా, ఆజీ కుర్చీలో కూర్చుని పాడినాడు. మీరంతా ఆజీనే చూసింటారు, 17 రోజులకే చనిపోయినాడు కాబట్టి. నేను సాంతం ఆ కుడి చెయ్యే చూస్తా కూర్చున్నా.

అడిగినారు కాబట్టి.

*బండ కోత లోన పైముక్క పోయినా*
*నొక్కు చోట తోలు నూలు చుట్టి*
*మొండి వేళ్ల తోడ ఐదేళ్లు తిరిగెను*
*వేళ్లు తెగిన వాడె వీణ మీటె*

డబుల్‌బాస్ బాసు
అన్నా.

సంగటి స్లేయర్
నా పనస చెట్టు వెనక్కి తీసుకుంటాండా. ఉగ్గాని ఈయనకే.

బురుజు కింద (మోడరేటర్)
తీసుకోవద్దక్కా, రెండు ప్లేట్లు చెప్తాం. ఏ బ్యాండ్ అన్నా? యాడ వాయించినారు?

నాపరాయి
పేరు లేదు. వినాయక చవితి పందిళ్లు, కాలేజీ డేలు. సినిమా పాటలే ఎక్కువ, మధ్యలో ఒకటి మాది దూర్చేటోళ్లం, కరెంటు పోతే జనానికి సంతోషం.

పెన్నా ఫజ్
బండ, పై... నేనైతే ఆ యతి కాడ తడుముకునేటోన్ని, బాగా పడింది. కానీ అన్నా, చెప్పకుండా ఉండలేకపోతాండా, తప్పుగా అనుకోవద్దు. మూడో పాదంలో మొండి కి ఐదేళ్లు చెల్లదు.

కారం దోశ
పావురాలన్నా, ఇప్పుడా?

పెన్నా ఫజ్
రేయ్, నా "కోసె"కి నువ్వు ఊరుకున్నావా? పద్యం పద్యమే. "మూడేళ్లు తిరిగెను" అంటే అయిపోయా, ఒక్క మాటే మార్పు.

నాపరాయి
కరెక్టే, నువ్వు చెప్పినట్లే యతి పోయింది. కానీ తిరిగింది ఐదేళ్లు. యతి కోసం రెండేళ్లు తగ్గించుకోను.

పెన్నా ఫజ్
సరే అన్నా, ఐదే. బిల్లు నేను కడతా. కారం దోశ సగం.

కారం దోశ
మెటలు అన్నందుకు సగం, సరేలే.