మ్యూఆన్ జీ మైనస్ 2: కొత్త కణానికి ఇంకా చోటుందా?

ప్రశ్న:
ఎలక్ట్రాన్‌కి బరువైన సోదర కణం మ్యూఆన్. దాని అయస్కాంత బలం (జీ) 2 నుంచి ఎంత తప్పుతుందో చెప్పేదే జీ మైనస్ 2. 2021 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫెర్మీల్యాబ్ దీని ఫలితం ఇచ్చినప్పుడు సిద్ధాంతానికీ కొలతకీ 4.2 సిగ్మా తేడా, అంటే అనిశ్చితికి 4.2 రెట్లు, అన్నారు. 2025 జూన్‌లో తుది కొలత వచ్చాక తేడాయే లేదంటున్నారు. మారింది కొలతా, లెక్కా? ఆ తేడాని వివరించడానికే ప్రతిపాదించిన తేలికపాటి ఊహాత్మక కణం జెడ్-ప్రైమ్ సంగతేంటి?

జవాబు 1:
మారింది లెక్కే. ఇక్కడి అంకెలు జీ మైనస్ 2లో సగానివి, అన్నీ 10⁻¹¹ యూనిట్లలో, బ్రాకెట్‌లో ఉన్నది అనిశ్చితి. కొలతల సగటు 2021లో 116592061(41), ఇప్పుడు 116592071.5(14.5). అనిశ్చితిని మించి కదిలిందే లేదు. సిద్ధాంతం మాత్రం సిద్ధాంతవేత్తల ఉమ్మడి నివేదికైన 2020 శ్వేతపత్రంలో 116591810(43), 2025 దాంట్లో 116592033(62). దాంతో 251 ఉన్న తేడా 38కి దిగింది.

చిక్కంతా హేడ్రాన్ వాక్యూమ్ పోలరైజేషన్ దగ్గర: దారిలో ఫోటాన్ క్వార్క్ జంటగా విడిపోయి మళ్లీ కలవడాన్ని లెక్కించే పదం (టర్మ్). 2020లో దాన్ని ఎలక్ట్రాన్-పాజిట్రాన్ ఢీల డేటా నుంచి 6931గా తీశారు. 2025లో లాటిస్ నుంచి, అంటే స్థలకాలాన్ని గళ్లుగా విడగొట్టి కంప్యూటర్‌పై చేసే లెక్క నుంచి, 7132గా తీసుకున్నారు. పాత "వింత"లో 201 ఇక్కడే కరిగిపోయింది. బీఎండబ్ల్యూ లాటిస్ బృందం 2021లోనే 7075 అంది. ఒక్కరి లెక్కేగదా అని చాలామంది ఆగారు, తర్వాత మిగతా బృందాలూ అటే వచ్చాయి.

జవాబు 2:
పై జవాబుకి చిన్న చేర్పు. ఎలక్ట్రాన్-పాజిట్రాన్ డేటా తగువు తీరిపోలేదు. రష్యాలోని నోవోసిబిర్స్క్‌లో ఉన్న సీఎండీ-3 ప్రయోగం 2023లో ఇచ్చిన, ఢీల్లో రెండు పయాన్లు (క్వార్క్ జంటలతో ఏర్పడే తేలికైన కణాలు) పుట్టే రేటు, రో మెసాన్ అనే కణం వల్ల వచ్చే శిఖరం చుట్టూ పాత ప్రయోగాలకన్నా ఎక్కువ. హేడ్రాన్ పదంలో 1 శాతం తప్పితే 70 యూనిట్లు అటూఇటూ అవుతుంది. పయాన్లనీ మ్యూఆన్లనీ విడదీయడంలో గానీ, అదనంగా వెలువడే ఫోటాన్లకి చేసే దిద్దుబాటులో గానీ పొరబడి ఆ పదం అర శాతం తప్పినా 35. కొత్త కణం గురించి మాట్లాడేముందు సరిచూడాల్సింది ఇదే.

జవాబు 3:
జెడ్-ప్రైమ్ విషయానికొస్తే, అది మ్యూఆన్‌కన్నా బాగా తేలికైతే దాని వాటా సుమారు కప్లింగ్ (మ్యూఆన్‌తో అది కలిసే బలం) వర్గాన్ని 79తో భాగించినంత. 251 రావాలంటే కప్లింగ్ 4.5×10⁻⁴ ఉండాలి. ఇప్పటి 38±63తో, రెండు సిగ్మా దాకా వదిలినా 164 దాటకూడదు, అంటే కప్లింగ్ దాదాపు 3.6×10⁻⁴ లోపే. కణం లేదని ఇది తేల్చదు, ఉండి తీరాలన్న కారణం మాత్రం పోయింది. నిన్నటిదాకా సాక్ష్యంగా చూపించిన కొలతే ఇప్పుడు హద్దు గీస్తోంది.

ప్లస్సా మైనస్సా అన్న గుర్తు కూడా చూసుకోండి. మ్యూఆన్ ఎడమ, కుడి రూపాలతో ఒకేలా కలిసే వెక్టర్ కణం విలువని పెంచుతుంది, ఆ రెంటితో వ్యతిరేక గుర్తులతో కలిసే యాక్సియల్ వెక్టర్ తగ్గిస్తుంది. ఫోటాన్‌తో కొద్దిగా కలిసే ఊహాత్మక కణం డార్క్ ఫోటానంటారా, మామూలు రూపంలో అది 2015లో సెర్న్‌లోని ఎన్‌ఏ48/2 ప్రయోగ ఫలితంతోనే ఈ పోటీలోంచి తప్పుకుంది.