ఆక్వాకి యూనిట్ రూపాయిన్నర: సబ్సిడీ తీసేసి చెరువుగట్టుకి సోలార్ ఇవ్వాలా?

గట్టుబాబు: ఆంధ్రాలో అర్హత ఉన్న ఆక్వా సర్వీసులకి, అంటే చేపల, రొయ్యల చెరువుల కరెంటు కనెక్షన్లకి, యూనిట్ రూపాయిన్నర. మిగతాది ప్రభుత్వం డిస్కంకి (కరెంటు పంపిణీ సంస్థకి) కట్టాలి. అది ఆలస్యమైతే డిస్కం అప్పు చేస్తుంది, భారం ఎక్కడో ఒకచోట తేలుతుంది. ఆ డబ్బేదో భీమవరం, ఉండి చుట్టూ గట్ల మీద ప్యానెళ్లకి పెడితే బొగ్గన్నా తగ్గుతుంది కదండీ.

త్రీఫేజ్: లెక్క చూడండి. ఒక కిలోవాట్ పెట్టడానికి సుమారు యాభై వేలు. ఏడాదికి 1,400 యూనిట్లు వస్తాయనుకుందాం. రూపాయిన్నర చొప్పున మిగిలేది 2,100. అసలు రావడానికే ఇరవై ఏళ్లు దాటుతుంది, ఈలోగా ఇన్వర్టర్ ఒకసారన్నా మార్చాలి. కేంద్రం సోలార్‌కిచ్చే సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకే, చెరువులకి కాదు. రూపాయిన్నర ఉన్నంతకాలం సోలార్ ఎవడూ పెట్టడు.

గట్టుబాబు: అందుకే తీసెయ్యమంటున్నా!

వెనామీరాజు: ఏరేటర్లు, అదే నీళ్లలో గాలి కలిపే మిషన్లు, ఎక్కువగా తిరిగేది రాత్రండీ బాబూ. ఎకరానికి రెండు హెచ్‌పీవి నాలుగు, పది గంటలు తిరిగితే అరవై యూనిట్లు. తెల్లారుజామున నీళ్లలో ఆక్సిజన్ లీటరుకి మూడు మిల్లీగ్రాములకి దిగితే రొయ్య పైకి తేలుతుంది. అప్పుడు మీ ప్యానెల్ ఏం చేస్తుంది?

గట్టుబాబు: నెట్ మీటరింగ్ ఉందిగా. పగలు గ్రిడ్‌కి పోసి రాత్రి తీసుకోండి.

వెనామీరాజు: కరెంటు పోతే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ (గ్రిడ్‌కి కలిపింది) కూడా ఆగిపోతుంది, తెలుసా? లైను మీద పనిచేసేవాళ్లకి షాక్ కొట్టకుండా అలాగే చేస్తారు. అంటే డీజిల్ జనరేటర్ ఎలాగూ ఉండాలి. లీటరుకి మూడు యూనిట్లు.

గట్టుబాబు: జనరేటర్ ఇప్పుడూ ఉంది కదా! సోలార్ వస్తే అది పోతుందని నేనన్నానా?

వెనామీరాజు: నా ప్రశ్నకి జవాబు చెప్పలేదు. కరెంటు పోతే ఆగుతుందా, ఆగదా?

కొల్లేటికొంగ: ఆగుతుంది. ఇక ముందుకెళ్దామా, ఆయ్.

త్రీఫేజ్: ఇంకోటి. ముసురు పట్టిన రోజు ప్యానెల్ ఇచ్చేది తగ్గుతుంది, నీళ్లలో నాచు చేసే ఆక్సిజనూ తగ్గుతుంది. పగలు కూడా ఏరేటర్ వెయ్యాలి. కావలసిన రోజునే చేతికి రాదన్నమాట. మధ్యాహ్నం మీరు పోసిన యూనిట్‌తో డిస్కంకి పెద్ద పనుండదు, రాత్రి మీకిచ్చేది థర్మల్‌ది. ఆ తేడా ఎవరు కడతారు?

గట్టుబాబు: మీ ఇద్దరికీ చవక కరెంటు పోతుందని బాధ, అంతే. ఆ సబ్సిడీ భారం చివరికి మా మీదే తేలుతుంది.

వెనామీరాజు: చవక కరెంటు నాకెక్కడిదండీ? సర్వీసు భూమి ఆసామి పేరున. సబ్సిడీ వచ్చిందని కౌలు పెంచుతారు, పోయిందని దించరు. నాది మూడేళ్ల కౌలు, మీ ప్యానెల్‌ది పాతికేళ్లు. నేనెందుకు పెట్టాలి?

త్రీఫేజ్: అదీ అసలు విషయం. మొదటే అనాల్సింది.

ఆరెకరాలు: నేను ఆసామినే. కౌలుదారు తవ్వి ఉప్పు చేసిన పొలం మళ్లీ వరికి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ అడగరు. నా సొమ్ముతో ప్యానెళ్లు పెడితే ఆ కరెంటు వాడేది మీరు. అలాంటప్పుడు కౌలు పెంచితే తప్పా?

వెనామీరాజు: సరే, నేనే పెడతా. ప్యానెళ్లు నావని కాగితం రాసివ్వండి. కౌలు తీరాక విప్పుకుపోతా.

ఆరెకరాలు: దిమ్మలు పోసిన గట్టు ఎవరు బాగుచేస్తారు?