ఓలెడ్‌లో ఇరిడియం ఎందుకు? బ్లూ ఎందుకు ఏడిపిస్తోంది?

పీజీ కుర్రాడు: అన్నలూ, ఓలెడ్ తెరల్లో (కరెంట్ ఇస్తే ఆర్గానిక్ పొరలే వెలిగే ఫోన్, టీవీ తెరలు) మామూలు ఆర్గానిక్ డై (కార్బన్ ఆధారిత రంగు పదార్థం) కూడా వెలుగుతుంది కదా, మరి ఇరిడియం లాంటి ఇంత ఖరీదైన లోహం ఎందుకు పెడుతున్నారు? వెలుగిచ్చే ఎమిటర్ లేయర్ మొత్తం దాంతోనే వేస్తే ఇంకా బ్రైట్‌గా రాదా?

ల్యాబ్ అన్న: కరెంట్ ఇస్తే పుట్టే ఎక్సైటాన్లలో (ఎనర్జీ నిండిన ఎలక్ట్రాన్-హోల్ జంటలు, హోల్ అంటే ఎలక్ట్రాన్ ఖాళీ) పావు వంతే సింగ్లెట్లు (జంట స్పిన్లు రద్దయినవి, తేలిగ్గా వెలుగిస్తాయి), మిగతా 75 శాతం ట్రిప్లెట్లు (స్పిన్లు కలిసినవి), మామూలు డైలో అవి చాలావరకు వేడిగా పోతాయి. ఇరిడియం బరువైన పరమాణువు, స్పిన్-ఆర్బిట్ కప్లింగ్ (ఎలక్ట్రాన్ స్పిన్‌కి, దాని కక్ష్య చలనానికి ఉన్న లంకె) గట్టిగా ఉంటుంది, దాంతో ట్రిప్లెట్లూ వెలుగిస్తాయి. 1998లో ప్లాటినం పోర్ఫిరిన్‌తో (ప్లాటినం చుట్టూ ఉంగరం లాంటి ఆర్గానిక్ అణువు) ఎరుపు చూపించారు, తర్వాతి ఏడాది ఇరిడియంతో గ్రీన్. మొత్తం దాంతోనే వేస్తే మాత్రం దెబ్బే తమ్ముడూ, ట్రిప్లెట్లు మైక్రోసెకన్లు బతుకుతాయి, సంత రద్దీలా ఒకదాన్నొకటి తోసుకుని ఆరిపోతాయి. అందుకే హోస్ట్‌లో (ఎమిటర్‌ని దూరదూరంగా పట్టి ఉంచే మరో ఆర్గానిక్ పదార్థం) సుమారు 6 శాతం లెక్కన కలుపుతారు, హోస్ట్ ట్రిప్లెట్ ఎనర్జీ ఎమిటర్‌ కంటే పైన ఉండాలి, లేకపోతే ఎనర్జీ వెనక్కి హోస్ట్‌లోకి పోతుంది.

వెలుగుపిచ్చి: బ్లూకి ఎనర్జీ ఎక్కువ, ఆ ఊపులో లోహానికీ, దాన్ని పట్టుకున్న ఆర్గానిక్ ముక్కకీ (లైగాండ్) మధ్య బంధమే తెగుతుంది. కార్బీన్ లైగాండ్లు (కార్బన్‌తో లోహాన్ని గట్టిగా పట్టుకునేవి), నాలుగు చోట్ల పట్టుకునే ప్లాటినం లైగాండ్లు ట్రై చేసేది అందుకే. చాలా ఫోన్లలో బ్లూ ఇంకా ఫ్లోరసెంటే (అంటే ట్రిప్లెట్ల నుంచి నేరుగా వెలుగు రానిది) బ్రో.

పీజీ కుర్రాడు: ఓహ్, హోస్ట్ సంగతి మా సార్ చెప్పనేలేదు, థాంక్స్ అన్నా